సొంత పొలంలో తుపాకీ పట్టుకు తిరగడానికి లైసెన్సు అక్కర్లేని రోజులు ఉండేవా?

ఒకరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. మార్కాపురం పడమర, నల్లమల అంచున ఉన్న ఊళ్లో తాతగారికి 1930ల్లో పంట కాపలా తుపాకీ ఉండేది. "తెల్లవాళ్ల కాలంలో మన పట్టా పొలంలో తుపాకీ పట్టుకుంటే అడిగేవాడు లేడు, రోడ్డెక్కితేనే లైసెన్సు" అని ఇంట్లో పెద్దలంటారు. అది నిజమా? ఇప్పుడు చట్టం ఏమంటోంది? అమెరికాలో సొంత స్థలంలో ఫర్వాలేదంటారు కదా, ఇక్కడెందుకు కాదు? అటక మీద దొరికిన ఆ పాత తుపాకీని ఏం చెయ్యాలి?

పెద్దల మాట చట్టప్రకారం నిజం కాదు. అలాగని గాల్లోంచి పుట్టిందీ కాదు. దానికో కారణముంది, అది కింద వస్తుంది.

1857 తిరుగుబాటు తర్వాత ప్రజల దగ్గర ఆయుధాలు లాక్కోవడానికి 1860లో ఒక చట్టం తెచ్చారు. దాని స్థానంలో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో 11వ నంబరు చట్టం వచ్చింది. ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ అంటే అదే. అందులో మీకు కావలసినవి రెండు సెక్షన్లు. 13వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధం ధరించి తిరగకూడదు. 14వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ, మందుగుండు గానీ తన దగ్గర, తన అదుపులో ఉంచుకోకూడదు. ఈ రెండింటిలో ఎక్కడా "బహిరంగ స్థలంలో" అన్న మాట లేదు, "తన ఇంట్లో, తన భూమిలో అయితే తప్ప" అన్న మినహాయింపూ లేదు. పెట్టెలో పెట్టి తాళం వేసినా 14 తగులుతుంది. భుజాన వేసుకుని చేనుగట్టు మీద నడిస్తే 13 కూడా తోడవుతుంది. 19వ సెక్షను కింద శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచిపెట్టే ఉద్దేశంతో చేస్తే 20వ సెక్షను కింద ఏడేళ్ల దాకా.

'ధరించి తిరగడం' అన్న మాటకి కోర్టులు కొంచెం ఇరుకైన అర్థమే చెప్పాయి. అవసరమైతే వాడాలన్న ఉద్దేశంతో ఆయుధం వెంట ఉంచుకోవడమే 'ధరించడం', ఒకచోటి నుంచి ఇంకోచోటికి సామానులా మోసుకెళ్లడం కాదు. కత్తులు, బల్లేల విషయంలో ఈ తేడా పనికొచ్చింది. తుపాకీకి పనికిరాలేదు, ఎందుకంటే తిరగకపోయినా దగ్గరుంటేనే 14వ సెక్షను పట్టుకుంటుంది.

అదే సమయంలో ఇంగ్లండులో ఏముందో చూస్తే ఇక్కడి చట్టం ఎంత వేరో తెలుస్తుంది. అక్కడ 1870లో గన్ లైసెన్స్ చట్టం వచ్చింది. పది షిల్లింగులు కడితే లైసెన్సు. అది పన్ను వసూలు కోసమే గానీ మనిషిని పరీక్షించడానికి కాదు. లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకు తిరిగితే జరిమానా 10 పౌన్లు, కానీ తన ఇంట్లో, ఇంటిని ఆనుకున్న ఆవరణలో ఉన్నవాడికి అది వర్తించదు. పొలం సాగు చేసుకునేవాడు తన భూమిలో పిట్టల్ని బెదరగొట్టడానికో, పంట పాడుచేసే జంతువుల్ని చంపడానికో తుపాకీ వాడితే దానికీ మినహాయింపే. అంటే మీ పెద్దలు చెప్పిన నియమం అచ్చంగా ఉండేది, కాకపోతే మార్కాపురంలో కాదు, ఇంగ్లండు పల్లెల్లో. ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రభుత్వం మన దేశానికి చట్టం రాసినప్పుడు ఇల్లూ, పొలమూ రెండు మినహాయింపుల్నీ వదిలేసింది. మరచిపోయి వదిలేశారని నేననుకోను.

మరి ఇక్కడ మినహాయింపు ఎవరికి? 27వ సెక్షను కింద ప్రభుత్వం ఎవరినైనా మినహాయించవచ్చు. యూరోపియన్లకి చాలాకాలం మినహాయింపు నడిచింది. బిరుదులున్న రాజులు, కొందరు పెద్ద జమీందార్ల పేర్లు జాబితాలో ఉండేవి. మనిషి ఎవరన్నదే లెక్క, భూమి ఎవరిదన్నది కాదు. జాతిని బట్టి ఉన్న మినహాయింపుల్ని 1920 నాటి నిబంధనల్లో తీసేశారు.

భూమిని బట్టి మినహాయింపు దొరికిన చోటు ఒక్కటుంది: కొడగు (ఇప్పటి కర్ణాటకలోని కూర్గ్). 1834లో ఆ రాజ్యాన్ని బ్రిటిష్ వాళ్లు కలుపుకున్నారు. 1861లో మైసూరు, కొడగుల కమిషనరు మార్క్ కబ్బన్ అక్కడి వారిని ఆయుధాల చట్టం నుంచి మినహాయించాడు. కొడవ జాతి వారికి, జమ్మా భూములున్న వారికి అది వర్తించేది. జమ్మా అంటే అవసరమైనప్పుడు సైనిక సేవ చెయ్యాలన్న షరతుతో తరతరాలుగా అనుభవించే భూమి. అంటే అక్కడ కూడా "నా భూమి కాబట్టి నా తుపాకీ" కాదు, "ఆ భూమితో పాటు యుద్ధ బాధ్యత ఉంది కాబట్టి తుపాకీ". స్వతంత్రం వచ్చాక కూడా ఈ మినహాయింపు సాగింది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కొడగులో కాఫీ తోట కొన్న తెలుగువాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. తోట కొన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

ఇప్పుడు మద్రాసు రాష్ట్రం వైపు, మీ పెద్దల జ్ఞాపకానికి వద్దాం. 1878 చట్టంలో 29వ సెక్షను అని ఒకటుంది. 1857 తర్వాత ఆయుధాలు లాక్కున్న ప్రాంతాల్లో, అంటే ముఖ్యంగా ఉత్తరాదిలో, లైసెన్సు లేని తుపాకీ దొరికితే నేరుగా కేసు పెట్టవచ్చు. మిగతా చోట్ల, మన జిల్లాలతో సహా, జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు మంజూరు లేనిదే ప్రాసిక్యూషన్ నడవదు. అదీగాక పంటకీ, పశువులకీ అడవి జంతువుల నుంచి కాపలాకి రైతులకి విడిగా లైసెన్సులు ఇచ్చేవారు. చేలో మంచె మీద తుపాకీతో కూర్చున్న రైతు మీద కలెక్టరు దాకా కాగితం నడిపించి కేసు పెట్టడానికి ఏ పోలీసూ ఉత్సాహపడి ఉండడు. "అడిగేవాడు లేడు" అన్నది అలా నిలబడిన మాటని నా అభిప్రాయం. అడగకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు. ఉత్తరానికీ దక్షిణానికీ ఉన్న ఈ తేడా సమానత్వ హక్కుకి విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లో జియాలాల్ కేసులో కొట్టేసింది. ఇప్పటి 1959 చట్టంలో 39వ సెక్షను ప్రకారం, లైసెన్సు లేని తుపాకీని నిషేధించే 3వ సెక్షను కింద పెట్టే కేసులకి దేశమంతటా జిల్లా మేజిస్ట్రేటు మంజూరు కావాలి. కేసుల్లో పోలీసులు తరచు తప్పేది ఇక్కడే. మంజూరు ఆర్డరు లేకుండా, లేదా తుపాకీని చూడకుండానే యాంత్రికంగా ఇచ్చిన ఆర్డరుతో ఛార్జిషీటు వేస్తే డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ఒక జాగ్రత్త. నిజాం రాజ్యానికి బ్రిటిష్ ఇండియా చట్టం వర్తించేది కాదు. తెలంగాణ వైపు పాత కుటుంబాల దగ్గర దొరికే కాగితాల్ని 1878 చట్టం లైసెన్సులని చదవకండి.

జాతీయోద్యమంలో ఈ చట్టం మీద కోపం తక్కువేమీ కాదు. 1930 జనవరిలో గాంధీ ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోర్కెల్లో ఉప్పు పన్ను రద్దుతో పాటు, ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్సులివ్వాలన్నదీ ఒకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నిబంధనలకి లోబడి ఆయుధం ధరించే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. తీరా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం సవరణ పెడితే అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. అందుకే మన రాజ్యాంగంలో ఆయుధ హక్కు లేదు.

ఇప్పుడున్నది 1959 ఆయుధాల చట్టం, 1962 అక్టోబరు 1 నుంచి అమలు. 3వ సెక్షను పాత 13, 14లని ఒకటి చేసింది: లైసెన్సు లేకుండా తుపాకీ సంపాదించకూడదు, ఉంచుకోకూడదు, వెంట తీసుకెళ్లకూడదు. ఇందులోనూ సొంత స్థలానికి మినహాయింపు లేదు. ఫాంహౌసుకి ఎంత ఎత్తు ప్రహరీ కట్టినా ఇంతే.

భూమి ప్రస్తావన వచ్చే చోట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. మీ ప్రశ్నకి అసలు సమాధానం వాటిలోనే ఉంది.

ఈ 1959 చట్టం 13వ సెక్షను మూడో ఉపసెక్షను ప్రకారం రెండు రకాల తుపాకీలకి దరఖాస్తు చేస్తే, నిరాకరించే కారణాలేవీ లేనప్పుడు, లైసెన్సు ఇవ్వాల్సిందే. ఒకటి, రక్షణకో క్రీడకో వాడే, గొట్టం కనీసం 20 అంగుళాలున్న నునుపు గొట్టం (లోపల గాడులు లేని) తుపాకీ. రెండు, నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీ. మందు కూరేది సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే పంట కాపలాకే వేరే నునుపు గొట్టం తుపాకీకీ ఇవ్వచ్చు. ఆ నమ్మకం కలిగించాల్సింది మీరే. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఏ నెలల్లో పందులు పడుతున్నాయి, నష్టంపై గతంలో ఇచ్చిన అర్జీలు, ఇవి జతపరిస్తే ఫైలు కదులుతుంది. 'అడవి జంతువుల బెడద ఉంది' అని ఒక్క ముక్క రాస్తే వెనక్కి వస్తుంది. ఇంకో మాట, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. కౌలు రైతులకి ఇది తెలియదు.

పంట కాపలా లైసెన్సులో ఏ స్థలానికో, ఏ ప్రాంతానికో అన్న గడి ఉంటుంది. సర్వే నంబర్లు గానీ, గ్రామం పేరు గానీ అందులో ఉన్నంతవరకే మీ తుపాకీ పరిధి. పక్క ఊళ్లో అత్తగారి చేలో పందులు పడుతున్నాయని అక్కడికి తీసుకెళ్తే లైసెన్సు షరతు మీరినట్టే. 30వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే, కానీ దాంతో లైసెన్సు రద్దు మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు: లైసెన్సు నాన్న పేరున, కాపలా కొడుకుది. 3వ సెక్షను కింద లైసెన్సుదారు ఎదుటే, లేదా ఆయన రాతపూర్వక అనుమతితో, ఇంకొకరు తుపాకీ మోయవచ్చు. కానీ అది మూడు పనులకే: మరమ్మతుకి, లైసెన్సు రెన్యువల్‌కి, లైసెన్సుదారు వాడుకోవడానికి తెచ్చివ్వడానికి. నాన్న ఇంట్లో నిద్రపోతుంటే కొడుకు రాత్రి మంచె మీద తుపాకీతో కూర్చోవడం ఈ మూడింట్లోనూ లేదు. సొంత పొలమైనా అది లైసెన్సు లేని తుపాకీ కేసే. 2019 సవరణ తర్వాత దీనికి కనీసం రెండేళ్లు, గరిష్ఠం అయిదేళ్లు జైలు, జరిమానా అదనం. అంతకుముందు ఏడాది నుంచి మూడేళ్లు ఉండేది.

రెండో పెద్ద తప్పు పంట కాపలా లైసెన్సుంటే పందిని కాల్చవచ్చనుకోవడం. ఆయుధాల చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోనిస్తుంది. పంది సంగతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చూసుకుంటుంది. దాని 11వ సెక్షనులో ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరం కాదని ఉంది, పంట రక్షణకి ఆ వెసులుబాటు లేదు. పంటకైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన వారు గానీ రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి. అది కూడా జంతువు ఆ చట్టంలో ఏ షెడ్యూలులో (రక్షణ జాబితాలో) ఉందన్నదాన్ని బట్టే. చిరుతకీ, ఎలుగుబంటికీ ఈ దారి లేదు. రెండు కాగితాలూ ఉండాలి. ఒక్కదాంతో పేల్చి రెండో చట్టం కింద ఇరుక్కున్నవాళ్లే ఎక్కువ. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకుంటే అది ఇంకో నేరం.

మీది నల్లమల అంచు అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. ఇదే చట్టం 34వ సెక్షను ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్న తుపాకీ లైసెన్సుదారులు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, ఆ పరిధిలో ఆయన సమ్మతి లేకుండా కొత్త లైసెన్సు ఇవ్వకూడదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అంచు గ్రామాల్లో దరఖాస్తులు నెలల తరబడి ఆగిపోతే కారణం పోలీసు రిపోర్టే అనుకుంటారు. అటవీశాఖ సమ్మతి అడిగారో లేదో ముందు కనుక్కోండి. అభయారణ్యం లోపలికి ఆయుధంతో వెళ్లాలంటే 31వ సెక్షను కింద రాతపూర్వక అనుమతి కావాలి. పొలానికి దగ్గరి దారి అడవిలోంచే అన్న సమాధానం చెల్లదు.

2016 ఆయుధాల నిబంధనల్లో బహిరంగ స్థలం అన్న మాట కనిపిస్తుంది. అక్కడ తుపాకీ తొడుగులోనో సంచిలోనో ఉండాలి, ఝళిపించకూడదు, పేల్చకూడదు. దీన్ని తిరగేసి "మరైతే ప్రైవేటు స్థలంలో పేల్చవచ్చు" అని చదివేవాళ్లున్నారు. ఆయుధాల చట్టంలో 2019లో చేర్చిన 25వ సెక్షను తొమ్మిదో ఉపసెక్షను వాళ్ల కోసమే. పెళ్లి, ఊరేగింపు, జాతర, ఏ వేడుకలోనైనా ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సొంత మామిడి తోటలో పందిరి వేసినా పెళ్లి పెళ్లే.

మన భూమిలో ఎవరిదో తుపాకీ దొరికితే? అడగలేదు గానీ అడవి అంచు పొలాల్లో వచ్చే సమస్యే. మోటారు షెడ్డులోనో, గడ్డివాములోనో నాటు తుపాకీ దొరికినంత మాత్రాన పట్టాదారు నేరస్థుడు కాడు. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, తుపాకీ చేతిలో ఉండనక్కర్లేదు, కానీ అది ఉందన్న ఎరుకా, దానిమీద అదుపూ ఉండాలి. నలుగురూ వచ్చిపోయే తాళం లేని షెడ్డయితే ఆ ఎరుక రుజువు చెయ్యడం కష్టం. తాళం మీ దగ్గరే ఉంటే మాత్రం పరిస్థితి తలకిందులవుతుంది.

అమెరికా సంగతి. అక్కడ ఆయుధ హక్కు రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి మొదలే వేరు. పాత చట్టాలు కూడా 'ఎవరి భూమి' అన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. 1771 న్యూజెర్సీ చట్టం ప్రకారం పరాయి భూమిలో యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ పట్టుకెళ్తే 40 షిల్లింగుల జరిమానా. 1865లో లూసియానా, 1866లో టెక్సాస్ పరాయి తోటల్లోకి యజమాని సమ్మతి లేకుండా తుపాకీతో వెళ్లకూడదన్నాయి. 1871 టెక్సాస్ చట్టం పిస్తోలు వెంట ఉంచుకోవడాన్ని 25 నుంచి 100 డాలర్ల జరిమానాతో నిషేధిస్తూనే, సొంత ఆవరణలో ఉన్నవాడిని మినహాయించింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు, తుపాకీ ఆంక్షలకి చారిత్రక పూర్వరంగం చూపించాలన్నాక ఈ పాత చట్టాలకి గిరాకీ పెరిగింది. జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలాల్లోకి యజమాని స్పష్టమైన అనుమతి లేనిదే తుపాకీ తేకూడదని హవాయి 2023లో చేసిన చట్టం మీద వాదనంతా వీటి మీదే నడిచింది. వీటిని చదివేటప్పుడు ఒక్క వాక్యాన్ని కత్తిరించుకుని వాడితే మోసపోతారు. న్యూజెర్సీ చట్టం శీర్షికలోనే జింకల్ని, వేట జంతువుల్ని కాపాడటం అని ఉంది, అంటే దొంగవేట మీద వచ్చింది. లూసియానాది విముక్తులైన నల్లవారిని కట్టడి చేసిన బ్లాక్ కోడ్‌ల కాలంలో, వాటి మధ్యలో పుట్టింది. టెక్సాస్‌లో ఉన్న మన పిల్లలు సెలవులకి వచ్చి తోటలో నాన్న తుపాకీ పట్టుకుని ఫొటో దిగుతుంటారు. అక్కడి అలవాటు ఇక్కడి 3వ సెక్షనుకి తెలియదు.

ఇక అటక మీది తుపాకీ. ముందు దాన్ని కదపకండి, పేల్చే మీట (గుర్రం) లాగి చూడకండి. మందు కూరే తుపాకీలో పాత మోతాదు అలాగే ఉండిపోయి ఉండొచ్చు, తడి తగలని మందు దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. తుప్పు పట్టింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదనుకోవద్దు. ఆయుధాల చట్టం 45వ సెక్షనులో పాతకాలపు, పాడైపోయిన ఆయుధాలకి మినహాయింపు ఉంది నిజమే, కానీ మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిది అయి ఉండాలి. కమ్మరి గంటలో బాగు చెయ్యగలిగితే మినహాయింపు లేదు. ఆ సంగతి తేల్చాల్సింది ఆర్మరర్ (ఆయుధాలు పరీక్షించి బాగుచేసే నిపుణుడు), మీరు కాదు.

లైసెన్సుదారు చనిపోయాక తుపాకీని ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలని 21వ సెక్షను. చెయ్యకపోవడమే ఒక నేరం. దాన్ని మీరే బస్సులో మోసుకెళ్లకండి. స్టేషనుకి రెండు ప్రతుల్లో అర్జీ రాయండి: ఎక్కడ, ఏ తేదీన దొరికింది, తాతగారి పేరు, మరణించిన తేదీ, గొట్టం మీదా, తాళం పలక (పేల్చే యంత్రం ఉన్న పలక) మీదా కనబడే నంబర్లు. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకుని, వాళ్లు వచ్చి తీసుకెళ్లేటప్పుడు అవే నంబర్లతో రసీదు తీసుకోండి. కొనసాగించాలనుకుంటే వారసుడిగా ఏ-1 ఫారంలో దరఖాస్తు చెయ్యవచ్చు. మరణ ధ్రువీకరణ, పాత లైసెన్సు నకలు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం, తుపాకీ శిక్షణ సర్టిఫికెటు, వైద్య సర్టిఫికెటు, భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం కావాలి. వయసు 21 నిండాలి. గడువులోగా ఏదీ తేల్చకపోతే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు.

పాత లైసెన్సు ఇంట్లో దొరక్కపోతే ఒంగోలు కలెక్టరాఫీసులో వెతకడం దండగ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. నకలు కోసం అర్జీ కర్నూలుకి పెట్టండి, తాలూకా పేరు తప్పకుండా రాయండి.